పెట్టె చెమట ఆరేదాకా

ఆ బేకరీ పనివాళ్ళు ఆవిడని ఫ్రిజ్జమ్మ అనేవారు. ముఖాన కాదు లెండి, చాటుగా. ముఖాన అంటే ఆ పూట టీలోకి పాలు బయటికి రావు. పాలు ఉండేది నాలుగు తలుపుల స్టీలు ఫ్రిజ్‌లో, దాని తాళంచెవి ఉండేది ఆవిడ నడుముకి. పదహారేళ్ళుగా ఆ తాళంచెవి నడుము దిగింది స్నానానికీ నిద్రకీ మాత్రమే.

ఫ్రిజ్‌కి తాళమేమిటని కొత్తగా చేరినవాళ్ళు నవ్వేవారు. ఆ నవ్వు వారం రోజులే. నీళ్ళ సీసా చల్లబెట్టుకోవడానికి ఒకడు, మొహానికి కాస్త చల్లగాలి తగిలించుకోవడానికి ఇంకొకడు రోజుకి నలభైసార్లు తలుపు తీస్తుంటే లోపలి చల్లదనం ఎంతసేపు నిలుస్తుంది? ఒక వేసవిలో క్రీమ్ మొత్తం పాడైపోయాక ఆవిడే వెళ్ళి తాళాలు బిగించే మనిషిని పిలుచుకొచ్చింది. అత్తగారు చూసి ఏమీ అనలేదు. ఏమీ అనలేదంటే మెచ్చుకున్నట్టే. ఆ ఇంట్లో అంతకుమించిన మెప్పు పెద్దకోడలికి ఎప్పుడూ దక్కలేదు.

అవును, ఆవిడ యజమానురాలి పెద్దకోడలు. కాపురానికి వచ్చిన రెండో వారమే మరుగుతున్న చక్కెర పాకం కుడి బొటనవేలి మీద పడింది. గాయం మానింది గానీ, వేలి మెత్తటి వైపు ఏటవాలుగా ఒక గీత మిగిలిపోయింది. ఎక్కడైనా వేలిముద్ర వేయాల్సి వస్తే మిషను ఒకటికి రెండుసార్లు ఆలోచించేది. "అదృష్టరేఖ, వేలి మీద పడింది" అని భర్త వెక్కిరించేవాడు. ఆయన బేకరీ వ్యాను నడుపుతాడు. ఏ విషయాన్నయినా నవ్వుతూ పక్కకి నెట్టేయడంలో దిట్ట.

ఆవిడ పని కేకు లోపల ఉండేది. కస్టర్డ్, క్రీమ్, పళ్ళ ముక్కలు, జామ్, అన్నీ ఆవిడ చేతివే. ముఖ్యంగా కస్టర్డ్. పాలు, గుడ్డు సొన, చక్కెర, ఇంతే కదా అంటారు తెలియనివాళ్ళు. ఆ ఇంతే దగ్గరే అందరూ బోల్తా కొడతారు. మంట పిసరంత ఎక్కువైతే గుడ్డు ఉండలు కడుతుంది, తక్కువైతే పచ్చివాసన పోదు. ఆవిడ గడియారం చూసేది కాదు. గరిట పైకెత్తి, దాని వీపు మీద వేలితో గీత గీసేది. గీత కలిసిపోకుండా నిలిచిందా, స్టవ్ కట్టేసేది. ఆ స్టవ్ గోడ వైపు తిరిగి ఉంటుంది. అన్నేళ్ళూ ఆవిడ ఆ గోడనే చూసింది. దాని మీద ఏ పెచ్చు ఎప్పుడు ఊడిందో అడిగితే చెప్పగలదు.

నాలుగేళ్ళ కిందట చిన్నకోడలు వచ్చింది. ఊరికే రాలేదు, మూడు నెలల ఫాండెంట్ కోర్సు చేసి మరీ వచ్చింది. ఫాండెంట్ అంటే మరేం లేదు, చక్కెర పొడితో చేసిన మెత్తటి ముద్ద. దాన్ని కర్రతో పలచగా ఒత్తి, కేకు మీద దుప్పటిలా కప్పి, ముడతలు పోయేదాకా అరచేత్తో నిమురుతారు. కేకు పింగాణీ గిన్నెలా నున్నగా తేలుతుంది. ఇక దాని మీద బొమ్మలు వేసుకో, పూలు అతుక్కో, నీ ఓపిక. పనివాళ్ళు దాన్ని చక్కెర ముద్ద అనేవారు. పెద్దకోడలు మాత్రం ముసుగు అనేది. "ముసుగు తీస్తే తెలుస్తుంది ఎవరి పనితనం ఎంతో" అని గోడతో చెప్పుకునేది. గోడ ఎదురు చెప్పదు కదా.

అత్తగారు ఆ పిల్లకి వీధివైపు కిటికీ దగ్గర బల్ల వేయించింది. దారిన పోయేవాళ్ళు చూస్తారట, చూసి లోపలికి వస్తారట. నిజంగానే చూశారు, నిజంగానే వచ్చారు. పెద్దకోడలికి మింగుడు పడనిది అదే.

కోపమైతే కారణం తీరగానే చల్లారుతుంది. అసూయ అలా కాదు, ఎదుటిమనిషి ఊపిరి పీల్చినా దానికి కారణం దొరుకుతుంది. చిన్నకోడలు నవ్వితే టెక్కు, నవ్వకపోతే పొగరు. "టీ తాగావా అక్కా?" అని అడిగితే జాలి చూపిస్తోంది, అడగకపోతే లెక్కలేదు. ఆ పిల్ల ఏప్రాన్ ఎప్పుడూ తెల్లగా ఉండటం కూడా నేరమే. పై అంతస్తులో అత్తగారితో కలిసి ఉండటం నేరం, తనేమో రెండు వీధులవతల అద్దె ఇంట్లో ఉంటోంది కాబట్టి. ఒకసారి ఆ పిల్లకి జలుబు చేస్తే పెద్దకోడలికి రోజంతా హాయిగా గడిచింది. సాయంత్రం ఆ హాయి గుర్తొచ్చి తన మీద తనకే రోత పుట్టింది కూడా. కానీ మర్నాడు ఆ పిల్ల కోలుకుని బల్ల దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ కడుపులో మంట మొదలు.

అన్నిటికంటే పెద్ద నేరం ఫొటోలు. కౌంటరు వెనక గోడకి పదిహేడు ఫొటోలు తగిలించారు. ప్రతి దాంట్లోనూ ఒక కేకు, దాని పక్కన చిన్నకోడలు. పెద్దకోడలు వాటిని రోజూ లెక్కపెట్టేది, ఎక్కడ పద్దెనిమిదోది వస్తుందోనని. పదకొండో ఫొటోలో ఒక మూల ఆవిడ మోచెయ్యి పడింది.

"పదహారేళ్ళ చాకిరీకి నాకు దక్కింది మోచెయ్యి" అని ఒకరోజు భర్త దగ్గర వాపోయింది.

"నీ కస్టర్డ్ లోపల ఉంటుంది కదే, ఫొటోలో ఎలా పడుతుంది? ఎక్స్‌రే తీయించమంటావా?" అన్నాడాయన.

ఆ రాత్రి ఆయన కూరలో ఉప్పు లేదు.

చిన్నకోడలు వచ్చిన రెండో ఏడు ఒక సంగతి జరిగింది. అది పెద్దకోడలు ఎవరికీ చెప్పలేదు. ఒక పుట్టినరోజు కేకు, లోపల తాజా క్రీమ్, పైన ఫాండెంట్. ఫాండెంట్‌కి తడి పనికిరాదు. ఫ్రిజ్‌లో పెట్టి బయటికి తీస్తే చెమట పట్టి జిగురైపోతుంది. అందుకని దాన్ని ఫ్రిజ్‌లో పెట్టకూడదని ఆ పిల్లకి కోర్సులో నేర్పారు. నిజమే నేర్పారు. కానీ అక్కడ వాళ్ళు వాడిన కేకుల్లో చెడిపోయే సరుకేదీ ఉండదు. ఈ పిల్ల పైదాన్ని కాపాడే ధ్యాసలో లోపలిది మరిచిపోయి, కేకుని బల్ల మీదే వదిలేసింది. ఇంటికి బయల్దేరుతూ పెద్దకోడలు దాన్ని చూసింది. లోపల క్రీమ్ ఉందని ఆవిడకి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? మాట నోటిదాకా వచ్చింది. "కోర్సు చేసిన మనిషికి నేను చెప్పేదేముంది" అనుకుని చెప్పులేసుకుంది.

మర్నాడు మధ్యాహ్నం కేకు తిరిగొచ్చింది. మూత తీయగానే పుల్లటి వాసన గుప్పుమంది. అత్తగారు నలుగురి ముందే అంది, "చిన్నమ్మాయ్, ఇంకొక్క కేకు ఇలా పాడైందంటే నీ బల్ల మీద బ్రెడ్డు కోస్తాం. చక్కెర ముద్దలూ వద్దు, పూలూ వద్దు. నువ్వు కౌంటర్లో కూర్చో." ఆవిడ ఊరికే అనే మనిషి కాదు. తర్వాత పెద్దకోడలి వైపు తిరిగింది. "ఇకనుంచి ఈ కేకులు పాడవకుండా నిలవపెట్టే పూచీ నీది."

ఆ పూచీ ఆవిడ ఎంత గట్టిగా పట్టుకుందో చూడాలి. ఆరు నెలలు అరచేతంత కేకులతో ప్రయోగాలు చేసింది. ఊరికే పెడితే, బయటికి తీసిన పది నిమిషాలకే కేకు స్నానం చేసినట్టు తడిసింది. ప్లాస్టిక్ డబ్బాలో పెడితే డబ్బా లోపలే నీళ్ళు కారాయి. అట్టపెట్టెలో పెడితే కాస్త నయం, తడిని అట్ట పీల్చుకుంది. అట్టపెట్టె చుట్టూ పలచటి ప్లాస్టిక్ కాగితం బిగించి టేపు వేస్తే ఇంకా నయం. అసలు కిటుకు ఆఖర్న దొరికింది. కేకు బయటికి తీయగానే పెట్టె తెరవకూడదు. చల్లటి వస్తువు వెచ్చటి గదిలోకి వచ్చాక చెమట పట్టక మానదు. ఆ చెమటేదో పెట్టెకి పట్టనివ్వాలి. గంటా గంటన్నరకి పై కాగితం ఆరుతుంది. చేత్తో తడిమితే పొడిగా తగులుతుంది. అప్పటికి లోపలి కేకు కూడా గది వేడికి అలవాటు పడి ఉంటుంది. ఇక తెరిచినా తడి జోలికి రాదు. ఫ్రిజ్ తలుపు మీద ఎర్ర సిరాతో రాసి అంటించింది: పెట్టె చెమట ఆరేదాకా తెరవరాదు.

అప్పట్నుంచి ఒక్క కేకూ పులియలేదు, ఒక్కటీ చెమ్మగిల్లలేదు. అయితే ఏం లాభం? "ఎంత నున్నగా ఉందో చూడండి, ఈ అమ్మాయి చేతిలో ఏదో ఉంది" అనేవారు కొనడానికి వచ్చినవాళ్ళు. ఆ నున్నదనం వెనక ఒక అట్టపెట్టె, ఆ పెట్టె వెనక తను ఉన్న సంగతి ఎవరికి పట్టింది?

ఇదిగో, ఇలా ఉండగా పళ్ళ డాక్టరమ్మ వచ్చింది. నలుగురికీ తీపి తినొద్దని చెప్పే మనిషి, ఆ వీధిలో అందరికంటే పెద్ద కేకు కావాలంది. "మా అమ్మానాన్నల పెళ్ళయి యాభై ఏళ్ళు. మీ కస్టర్డ్ అంటే మా నాన్నకి ప్రాణం, లోపల అదే పెట్టండి. పైన మాత్రం కిటికీ దగ్గర కూర్చునే అమ్మాయే చేయాలి. ఆ చేతికి దండం పెట్టాలి."

పెద్దకోడలు గరిట పట్టుకుని నాలుగడుగుల దూరంలోనే ఉంది. కస్టర్డ్ అంటే ప్రాణమట. ఆ కస్టర్డ్‌కి ఒక చెయ్యి ఉంటుందని, దానికీ ఒక దండం బాకీ ఉంటుందని ఆ చదువుకున్న మనిషికి తోచలేదు. గరిట మీంచి కస్టర్డ్ కారి స్టవ్ మీద పడి మాడింది.

కేకు ముందురోజు సాయంత్రం పూర్తయింది. కస్టర్డ్ నింపి, పొరలు సర్దిచ్చి, ఒంట్లో బాగోలేదని పెద్దకోడలు తొందరగా ఇంటికెళ్ళింది. అది అబద్ధం, ఒళ్ళు బాగానే ఉంది. అందరూ గుమిగూడి ఆహా ఓహో అంటుంటే అక్కడ నిలబడలేక వెళ్ళింది. చిన్నకోడలు ముసుగు కప్పి, చుట్టూ రంగుల తీగ వేసి, తనే పెట్టెలో పెట్టి, కాగితం బిగించి, టేపు వేసింది. అత్తగారు తన దగ్గరుండే రెండో తాళంచెవితో ఫ్రిజ్ తీసి లోపల పెట్టించింది.

మర్నాడు పొద్దున్నుంచీ వాన. కిటికీ అద్దాలు మసకబారాయి, అట్టలు మెత్తబడ్డాయి, చక్కెర పొడి గడ్డకట్టింది. ఇలాంటి రోజున ఫాండెంట్ కంటే పసిపిల్లని సాకడం తేలిక. అయినా బేకరీ అంతా ఒకటే మాట.

"అమ్మా, ఆ కేకు చూశారా?" అన్నాడు ఓవెన్ మాస్టారు పెద్దకోడలితో, ట్రే దించుతూ. "ముప్ఫయ్యేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. అలాంటి తీగ నా జన్మలో చూళ్ళేదు."

"ఎప్పుడు చూస్తానూ, పెట్టెలో ఉంటే."

"అయ్యో, మీరొక్కరే చూళ్ళేదా!"

మీరొక్కరే. ఆ మాట పుండు మీద కారంలా పడింది. నేను చేసిన కస్టర్డ్, నేను కనిపెట్టిన పెట్టె, నా ఫ్రిజ్, నా తాళం. చూడనిది నేనొక్కదాన్నే.

మూడు గంటలకి పెట్టె బయటికి తీసి చెక్కబల్ల మీద పెట్టించింది. నాలుగున్నరకి తెరవాలి, చిన్నకోడలు ఎర్ర చక్కెర పూలు అతకాలి, ఐదింటికి డాక్టరమ్మ వస్తుంది. పెట్టె మీద అప్పుడే సన్నటి నీటి బొట్లు మొలుస్తున్నాయి. చిన్నకోడలు పూలు తేవడానికి పైకెళ్ళింది. మాస్టారు వెనక వసారాలో టీ తాగుతున్నాడు. అత్తగారు కౌంటర్లో ఉంది. గదిలో వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

నిజం చెప్పుకోవాలంటే ఆవిడ చూద్దామని తెరవలేదు. లోపం వెతుకుదామని తెరిచింది. ఒక్కటి చాలు. తీగ ఎక్కడో వంకరపోయి ఉండాలి, ముసుగు ఒక మూల ముడత పడి ఉండాలి. దాన్ని చూసి, ఎవరికీ చెప్పకుండా, లోలోపలే ఒక వారం బతికేయొచ్చు. చాకుతో టేపు కోసి, కాగితం తప్పించి, పెట్టె ముందు రెక్క కిందికి దించింది.

లోపం లేదు. పాలరంగు కేకు చుట్టూ కింది నుంచి పైదాకా పాకిన తీగ, మెరూన్ రంగులో, ప్రతి ఆకుకీ ఈనెలు. ఎక్కడా చెయ్యి వణకలేదు. ఒక చోట ఆకు కొద్దిగా మడత పడి, కింద నీడ కూడా ఉంది. అది రంగా, నిజంగా ఉబ్బెత్తుగా చేసిందా? పెద్దకోడలికి తెలియలేదు. తెలియకపోవడం భరించలేకపోయింది. బొటనవేలు దానంతటదే ముందుకెళ్ళింది.

రంగే. అంత చక్కటి పని, ఉత్త రంగు! కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మెచ్చుకుంటూనో ఏడుస్తూనో ఆవిడకే తెలియదు. వేలు తీసేసరికి ఆకు పక్కన మెత్తటి ఫాండెంట్ మీద ముద్ర పడి ఉంది. చూస్తుండగానే కేకు మీద మెరుపు పాకింది. చెమట.

అప్పుడు ఏం చేయాలో ఆవిడకి తెలుసు. ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు కూడా. పెట్టె పూర్తిగా తీసేసి, ఎవరూ ముట్టుకోకుండా, ఎదురుగా ఫ్యాన్ పెట్టాలి. గంటలో దానంతటదే ఆరిపోతుంది. కానీ ఫ్యాన్ పెడితే, ఎవరు తెరిచారని అడుగుతారు. మేడమెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఆవిడ రెక్క పైకెత్తి, కాగితం లాగి, కోసిన టేపు మీదే కొత్త టేపు వేసి, గోడవైపు తిరిగిపోయింది. తెరిచింది అసూయతో, మూసింది భయంతో. కేకుని ముంచింది ఆ మూయడమే. తడి పెట్టె లోపలే చిక్కుకుపోయింది.

నాలుగున్నర దాకా ఆవిడ ఖాళీ గిన్నె తోముతూనే ఉంది.

పెట్టె చిన్నకోడలు తెరిచింది. "అయ్యో!" అంది, అంతే. పక్కన నిలబడ్డ మాస్టారు చేతిలో ట్రే కింద పెట్టేశాడు. కేకు ఒళ్ళంతా జిగటగా మెరుస్తోంది. మెరూన్ రంగు రెండు చోట్ల ఆకులోంచి జారి, కింది దాకా చారలు కట్టింది.

అత్తగారు వచ్చింది. కేకుని చూడలేదు, ముందు టేపు చూసింది. అనుభవం అంటే అదీ. "టేపు మీద టేపు ఉంది. ఎవరో మధ్యలో తెరిచారు." తర్వాత చిన్నకోడలి వైపు తిరిగింది. "ఇంకెవరు తెరుస్తారు? నీ పని నువ్వే చూసుకుని మురిసిపోవాలని ఉంటుంది నీకు. ఓ గంట ఆగలేకపోయావా?"

"నేను తెరవలేదు అత్తయ్యా. పైన పూల దగ్గరున్నాను."

"పెట్టె తనంతట తను తెరుచుకుని టేపు వేసుకుందా? నేను అప్పుడే చెప్పాను, ఇంకొక్కటి పాడైతే ఈ బల్ల ఉండదని. రేపు బ్రెడ్డు మిషను ఇక్కడికి తెప్పిస్తున్నాను."

పెద్దకోడలు విన్నది. నాలుగేళ్ళుగా వినాలనుకున్న మాట. కిటికీ దగ్గర బల్ల ఉండదు, పద్దెనిమిదో ఫొటో రాదు. తను చేయాల్సిందల్లా గిన్నె తోముకుంటూ ఉండటమే.

చిన్నకోడలు మెత్తటి గుడ్డ తీసి కేకు వైపు వంగింది.

"తుడవకు!" పెద్దకోడలి కేక వసారా దాకా వినబడింది. ఆ కేక ఆవిడ ఆలోచించి వేసింది కాదు. పదహారేళ్ళ అలవాటు వేయించింది. "తుడిచావంటే ముసుగంతా ఊడొస్తుంది. ఎవరూ ముట్టుకోకండి. మాస్టారూ, పెట్టె నాలుగు వైపులా కోసి తీసేయండి. ఆ టేబుల్ ఫ్యాన్ ఇటు తెండి. దగ్గరికొద్దు, రెండడుగుల దూరం. కిటికీ మూసేయండి, వానగాలి లోపలికొస్తోంది. డాక్టరమ్మకి ఫోన్ చేసి ఆరింటికి రమ్మనండి. ఇంకో గంటకి కస్టర్డ్‌కేమీ కాదు, లోపలంతా ఇంకా చల్లగానే ఉంటుంది."

అందరూ పరుగులు పెట్టారు. ఫ్యాన్ తిరిగింది. పది నిమిషాలకి పైఅంచు మెరుపు తగ్గింది. అత్తగారు దీర్ఘంగా ఊపిరి వదిలి పెద్దకోడలి వైపు చూసింది. "చూశావా చిన్నమ్మాయ్, మనిషంటే అలా ఉండాలి. చెడగొట్టేవాళ్ళు ఒకరు, బాగుచేసేవాళ్ళు ఒకరు."

పెద్దకోడలు గిన్నె కింద పెట్టింది. "అత్తయ్యా, పెట్టె తెరిచింది నేను."

అత్తగారు నవ్వింది. ఆ నవ్వులో ప్రేమ ఉంది. పదహారేళ్ళలో ఆవిడ పెద్దకోడలిని చూసి అలా నవ్వలేదు.

"ఊరుకోవే. నువ్వు పెట్టె తెరవడమేమిటి? ఆ రూలు పెట్టిందే నువ్వు. దాని తప్పు నీ నెత్తిన వేసుకుంటున్నావు. నాకు తెలీదా నీ సంగతి? నేను పైకి అనను గానీ, ఈ కొట్టు ఇన్నేళ్ళు పేరు పోకుండా నిలబడిందంటే నీ వల్లే. ఇందరి ముందు చెబుతున్నాను."

"అమ్మ మనసు వెన్న" అన్నాడు మాస్టారు, కళ్ళు తుడుచుకుంటూ.

ఎంతకాలం ఎదురుచూసిన మాటలవి! గోడవైపు తిరిగి, గరిట తిప్పుతూ, ఎవరో ఒకరు ఎప్పటికైనా అంటారని కలలు కన్న మాటలు. అవి ఇప్పుడు ఇంత తేలిగ్గా, ఇంతమంది ముందు దొరికాయి. పెద్దకోడలు వాటిని వద్దనలేకపోయింది. చెప్పాల్సింది చెప్పేశాను, నమ్మకపోతే నా తప్పా అనుకుంది. అర నిమిషం పాటు ఆవిడ ఆ ఇంటికి అసలైన కోడలిగా నిలబడింది.

అప్పుడు చిన్నకోడలు కంటబడింది. ఆ పిల్ల ఏడవడం లేదు. వాదించడం లేదు. వంగి, కేకు మీద ఒక చోట అదే పనిగా చూస్తోంది. ఆకు పక్కన, అరచెయ్యి ఎత్తున, ఒక వేలిముద్ర. దాన్ని ఏటవాలుగా కోస్తూ ఒక గీత. తర్వాత తలెత్తి పెద్దకోడలి కుడిచేతి వైపు చూసింది. మెల్లగా పక్కన పళ్ళెంలోంచి ఒక ఎర్రపువ్వు తీసింది, ఆ ముద్ర మీద అతకడానికి.

అది కప్పేస్తే ఇక సాక్ష్యం లేదు. ఆ సంగతి ఇద్దరికే తెలుసు. తన బల్ల పోతున్నా ఆ పిల్ల దాన్ని కప్పేయబోతోంది. అలా కప్పిందంటే ఇక జన్మలో ఆ మొహం చూడలేనని పెద్దకోడలికి అర్థమైంది. తిడితే పడేది. అరిస్తే తిరిగి అరిచేది. ఈ మంచితనం మాత్రం ఆవిడ భరించలేదు. ఇందులోనూ నువ్వే నెగ్గుతావా?

"ఆగు" అంది. ఆ పిల్ల చెయ్యి పక్కకి తోసి, బొటనవేలు చాపి, ముద్రకి వెంట్రుకవాసి దూరంలో నిలిపింది. "ఇప్పుడు చూడండి అత్తయ్యా. ఈ గీత ఈ ఇంట్లో ఇంకెవరి వేలికి ఉంది? నేనే తెరిచాను. వంక పెట్టాలని తెరిచాను. వంక దొరకలేదు. ముందోసారి క్రీమ్ కేకు బయట వదిలేసినప్పుడు కూడా చూసి, చెప్పకుండా వెళ్ళిపోయాను."

రెండోది చెప్పాలని ఆవిడ అనుకోలేదు. మొదటిదాని వెంట అదీ ఊడిపడింది.

అత్తగారి మొహంలోంచి ఆ నవ్వు వెళ్ళిపోయింది. అది వెళ్ళడం పెద్దకోడలు కళ్ళారా చూసింది. మాస్టారు ట్రే మీద లేని దుమ్ము తుడవసాగాడు.

ఆరింటికి కేకు ఆరింది. చారలు పడ్డ చోట్ల చిన్నకోడలు పూలు అతికింది, ముద్ర మీద కూడా. డాక్టరమ్మ వచ్చి, చూసి, గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఏదీ ఆ అమ్మాయి? ఒక ఫొటో తీసుకోవాలి" అంది. చిన్నకోడలు జుట్టు సరిచేసుకుని కేకు పక్కన నిలబడింది. పెద్దకోడలిని ఎవరూ పిలవలేదు. పద్దెనిమిదోది. కడుపులో మళ్ళీ అదే మంట. ఇంత జరిగాక కూడా నువ్వు పోవా అని ఆవిడ దాన్నే అడిగింది. అది పోలేదు.

కేకు ఎక్కిన వ్యాను కదిలాక అత్తగారు లోపలికి వచ్చి చెయ్యి చాపింది. పెద్దకోడలు నడుముకున్న ముడి విప్పింది. రోజూ విప్పే ముడే, ఇవాళ ఓ పట్టాన రాలేదు. తాళంచెవి అత్తగారి చేతిలోకి, అక్కణ్ణుంచి చిన్నకోడలి చేతిలోకి వెళ్ళింది.

"ఇకనుంచి ఫ్రిజ్ నువ్వు చూసుకో చిన్నమ్మాయ్" అని అత్తగారు మేడ మెట్లెక్కింది. బల్ల సంగతి ఎత్తలేదు. అంటే బల్ల ఉన్నట్టే.

ఇద్దరే మిగిలారు. వాన తగ్గింది. చిన్నకోడలు తాళంచెవిని అటూ ఇటూ తిప్పి చూసింది. నడుముకి కట్టుకోలేదు, అలాగని తిరిగి ఇవ్వనూ లేదు. తిరిగి ఇస్తుందేమోనని పెద్దకోడలు కాసేపు ఎదురుచూసింది. ఆ తర్వాత గిన్నె అందుకుని, స్టవ్ వెలిగించి, గోడవైపు తిరిగింది. రేపటికి కస్టర్డ్ కావాలి.

వెనకనుంచి, చాలాసేపటికి, ఆ పిల్ల గొంతు వినిపించింది. "అక్కా, పెట్టె చెమట ఆరిందని ఎలా తెలుస్తుంది? చూస్తే చాలా?"

"చూస్తే తెలీదు. చేత్తో తడమాలి" అంది పెద్దకోడలు, వెనక్కి తిరక్కుండానే. గరిట పైకెత్తి, దాని వీపు మీద గీత గీసింది. "పెట్టెని. కేకుని కాదు."